నాన్నగారి పార్కిన్సన్ జబ్బు పొట్టలోని బ్యాక్టీరియా వల్లే అంటున్నారు, నిజమేనా?

మహేంద్రతనయ
అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి. నాన్నగారికి 71 ఏళ్ళు, రైస్ మిల్లులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. మూడేళ్ళ కిందట కుడిచెయ్యి వణకడం మొదలైతే వైజాగ్ తీసుకెళ్ళాం, పార్కిన్సన్ అన్నారు. అప్పట్నుంచీ సిండోపా రోజుకి మూడు వాడుతున్నారు, పర్వాలేదు, తన పనులు తనే చేసుకునేవారు, సాయంత్రం ఏటి గట్టు దాకా నడిచి వచ్చేవారు.

పోయిన నెల దూరపు బంధువు ఒకాయన వచ్చి "జబ్బు మెదడులో లేదమ్మా, పొట్టలో ఉంది, పొట్టలో మంచి బ్యాక్టీరియా చచ్చిపోయింది, అది నింపితే వణుకు అదే పోతుంది" అని గంటసేపు ఫోన్లో వీడియోలు చూపించి మూడు డబ్బాల క్యాప్సూల్స్ ఇచ్చి వెళ్ళారు. డబ్బా 1,850 రూపాయలు, నెలకి రెండు కావాలి. మూడు నెలలు వాడితే సిండోపా మానేయొచ్చట. నాన్నకి ఈ మాట బాగా నచ్చేసింది, ఎందుకంటే చెయ్యి వణకడానికి పదేళ్ళ ముందు నుంచే ఆయనకి విరేచనం సాఫీగా అవ్వదు, అందుకని "నా జబ్బు పొట్టలోనే పుట్టిందని నేను మొదట్నుంచీ చెప్తున్నానా లేదా" అంటున్నారు.

క్యాప్సూల్స్ మొదలుపెట్టి ఇరవై రోజులైంది. మధ్యాహ్నం పూట మరీ బిగుసుకుపోతున్నారు. నిన్న వంటింటి గుమ్మం దగ్గర కాలు లేవక నిలబడిపోయారు, నేను వెనకనుంచి పట్టుకుని "ఒకటి, రెండు" అని లెక్కపెడితే గానీ అడుగు పడలేదు. తమ్ముడేమో హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, కొత్త మందు పనిచేసే ముందు అలాగే ఉంటుందట, పాత మాత్ర ఒకటి తగ్గించి చూడు అంటాడు. నాకు ఏమీ పాలుపోవడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

మందుల షాపు గుణుపూర్
అమ్మా, ముందు ఒక్క మాట. సిండోపా ఒక్క మాత్ర కూడా మీ అంతట మీరు తగ్గించకండి. ఆ మందు ఉన్నట్టుండి ఆపితే ఒళ్ళు కట్టెలా బిగిసి, జ్వరం వచ్చి, మనిషి తెలివి తప్పే పరిస్థితి కూడా రావచ్చు. 22 ఏళ్ళుగా షాపు నడుపుతున్నాను, ఇలా మానేసి ఆటోలో పడుకోబెట్టి తెచ్చిన కేసు ఒకటి కళ్ళారా చూశాను. తమ్ముడికి ఈ మాట గట్టిగా చెప్పండి, నేనన్నానని చెప్పినా పర్లేదు.

రెండోది, మాత్రలు ఏ టైముకి, దేంతో వేసుకుంటున్నారో కాస్త వివరంగా రాయండి. అన్నం ముందా, తర్వాతా? ఆ క్యాప్సూల్ దేంతో?

నాగావళి గట్టు
మళ్ళీ వచ్చిందా ఈ పొట్ట బ్యాక్టీరియా వ్యాపారం. మా రాయగడలో పోయిన ఏడాది ఇదే సరుకు షుగర్‌కి అమ్మారు, అంతకు ముందు ఏడాది మోకాళ్ళకి అమ్మారు, ఇప్పుడు మెదడు వంతు వచ్చినట్టుంది. మీటింగ్ పెట్టి టీ, సమోసా ఇచ్చి "మన ఒంట్లో మన కణాల కంటే బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువ" అంటూ మొదలెడతారు. ఆ పది రెట్ల లెక్కే తప్పు. 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు కూర్చుని లెక్కగడితే ఒక మగమనిషి ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, సొంత కణాలు 30 లక్షల కోట్లు తేలాయి. అంటే ఇంచుమించు సమానం. మొత్తం బ్యాక్టీరియా బరువు 200 గ్రాములు. మొదటి వాక్యమే అబద్ధమైతే మిగతా మీటింగ్ ఎలా నమ్మాలి?

అక్కా, డబ్బులు దండగ. పేగులు పేగులే, మెదడు మెదడే.

బరంపురం పిల్ల
నాగావళి గారూ, సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. నేను బరంపురంలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, విసుక్కోకండి.

పేగులకీ మెదడుకీ సంబంధం ఉందన్నది నిజం. వేగస్ అనే నరం మెదడు నుంచి పొట్ట దాకా దిగుతుంది. అందులో పోగులు నూటికి 80 వంతుల పైనే కింది నుంచి పైకి కబురు మోసేవే. అంటే మెదడు ఆజ్ఞలివ్వడం కంటే పొట్ట చెప్పేది వినడమే ఎక్కువ. పేగుల గోడల్లో సొంతంగా 10 కోట్లకు పైగా నరకణాలున్నాయి.

2004లో జపాన్‌లో నొబుయుకి సుడో బృందం అసలు బ్యాక్టీరియాయే లేని ఎలుకల్ని పెంచి చూశారు. వాటిని కాసేపు కదలకుండా పట్టి ఉంచితే మామూలు ఎలుకల కంటే టెన్షన్ హార్మోన్లు ఎక్కువగా ఊరాయి, చిన్నప్పుడే ఒక రకం బ్యాక్టీరియా ఇస్తే అది సర్దుకుంది. 2011లో ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో జాన్ క్రయన్ వాళ్ళు లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియాలో ఒక రకాన్ని ఎలుకలకి తినిపిస్తే భయం తగ్గింది, వేగస్ నరం కోసేసిన ఎలుకల్లో మాత్రం తగ్గలేదు. కబురు ఏ దారిన వెళ్తోందో దాంతో తెలిసింది.

కానీ క్యాప్సూల్స్ అమ్మేవాళ్ళు ఇక్కడి దాకా చెప్పి ఆపేస్తారు. అదే బ్యాక్టీరియాని అదే కార్క్‌లో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకి ఇచ్చి 2017లో ఫలితం రాశారు, ఏ తేడా లేదు. ఎలుకకి పనిచేసింది మనిషికి పనిచేయలేదు. రాసింది కూడా వాళ్ళే, దాచుకోలేదు, ఆ విషయంలో వాళ్ళంటే నాకు గౌరవం.

నాగావళి గట్టు
చెల్లెమ్మా, నువ్వు చెప్పిందాంట్లో నాకు కావలసిందే దొరికింది. ఎలుకలకి.

జయపురం టీచరమ్మ
ఎలుకలు కాదండీ, మా ఇంట్లో మనిషికి జరిగింది చెప్తాను. పేగుల్లో బ్యాక్టీరియా వల్ల తెలివి పోవడం, మళ్ళీ రావడం నేను కళ్ళారా చూశాను.

మా బావగారికి లివర్ పాడైంది, కారణం మీరు ఊహించగలరు. ఒక వర్షాకాలం ఆయన పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. సొంత కూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు, ఎవరి తాలూకు" అని అడిగారు. చేతులు ముందుకి చాపమంటే పక్షి రెక్కలు ఆడించినట్టు ఆడుతున్నాయి. ఊళ్ళో గాలి సోకిందన్నారు, దిష్టి తీశారు, కోడిని కోశారు, ఒకరోజంతా దానికే పోయింది. ఆఖరికి జీపులో ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "ఈయనకి విరేచనమై ఎన్ని రోజులైంది?". నాలుగు రోజులు.

ఎనిమా ఇచ్చి, లాక్టులోస్ సిరప్ మొదలెట్టారు. రోజుకి రెండు మూడుసార్లు విరేచనం అయ్యేలా మోతాదు సర్దారు. మూడో రోజు పొద్దున మంచం మీద లేచి కూర్చుని "నా చెప్పులేవి" అన్నారు, అక్క గోడకి ఆనుకుని అలా కూలబడి ఏడ్చేసింది.

తర్వాత డాక్టర్ చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. మనం తిన్న మాంసకృత్తుల్ని విరిచేటప్పుడు పేగుల్లో బ్యాక్టీరియా అమ్మోనియా తయారుచేస్తుంది. మామూలుగా లివర్ దాన్ని శుభ్రం చేస్తుంది. లివర్ చెడితే ఆ అమ్మోనియా రక్తంలో మెదడుకి చేరుతుంది. లాక్టులోస్ పేగుల్ని కాస్త పులుపెక్కించి అమ్మోనియాని అక్కడే బంధించి బయటికి తోస్తుంది. రిఫాక్సిమిన్ అని పేగుల్లోనే పనిచేసే యాంటీబయాటిక్ కూడా రాశారు. కాబట్టి నాగావళి గారూ, పేగులు పేగులే, మెదడు మెదడే అనే మాట మా ఇంట్లో చెల్లదు.

నాగావళి గట్టు
ఇది నాకు తెలీదు టీచర్ గారూ. మాట వెనక్కి తీసుకుంటున్నాను. క్యాప్సూల్ మీద మాత్రం తీసుకోను.

వంశధార బాబాయ్
ఏటర్రా ఇంత చదువు చదివి ఒక్కరైనా తరవాణి మాట ఎత్తరేం? మా అమ్మ కుండలో అన్నం వార్చిన గంజీ, కాసిన్ని నీళ్ళూ పోసి, గుడ్డ కట్టి మూల పెట్టేది. మూడోనాటికి పులిసి చిన్న చిన్న బుడగలొచ్చేవి, మూత తీస్తే ఆ వాసనకే ఆకలేసేది. రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కాల్చిన ఎండుచేప ముక్క. తీసినంత గంజి మళ్ళీ పొయ్యడమే, కుండ ఖాళీ అవ్వనిచ్చేది కాదు. మా ఒడియా ఇరుగుపొరుగు పఖాళొ తింటారు, ఆ నీళ్ళని వాళ్ళు తొరాణి అంటారు. మన తరవాణి, వాళ్ళ తొరాణి, రెండూ వింటే ఒకటే మాట కదా! గట్టుకి ఇవతలా అవతలా కుండ ఒకటే. మార్చి 20న పఖాళొ దినం అని ఇప్పుడు పండగ చేసుకుంటున్నారు, మనం మాత్రం మానేసి డబ్బా 1,850కి కొంటున్నాం. మా నాన్న 88 దాకా బతికాడు, చెయ్యి వణకలేదు, మతి పోలేదు.

బరంపురం పిల్ల
బాబాయ్, తరవాణి నాకూ ఇష్టమే, మా అమ్మమ్మ కుండ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కానీ తాతగారొక్కరు 88 దాకా బతకడం సాక్ష్యం కాదు కదా, తరవాణి తాగి 60కే పోయినవాళ్ళని మనం లెక్కపెట్టలేదు.

తెలిసినంత వరకు సంగతేంటంటే, 2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మంది ఆరోగ్యవంతుల్ని రెండు గుంపులు చేసి పది వారాలు ఒకరికి పీచు ఎక్కువున్న తిండి, ఇంకొకరికి పెరుగు, కిమ్చీ లాంటి పులియబెట్టిన తిండి పెట్టారు. పులిసిన తిండి గుంపులో పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపుని చూపించే 19 ప్రోటీన్లు తగ్గాయి. కానీ వాళ్ళు ముఖ్యంగా చూసింది రోగనిరోధక వ్యవస్థని, మెదడుని కాదు. తొరాణి మీద భువనేశ్వర్ ఎయిమ్స్‌లో కూడా పనిచేశారు, అందులో పేగులకి మేలు చేసే చిన్న కొవ్వు ఆమ్లాలు ఉన్నాయన్నారు. అక్కడి నుంచి పార్కిన్సన్ దాకా చాలా దూరం ఉంది. మంచి తిండి, తినండి. మందు అనకండి.

ఇంకో మాట, బీపీ ఉన్నవాళ్ళు అందులో ఉప్పు, ఎండుచేప చూసుకోవాలి, నీళ్ళు కాచినవి అయితేనే పొయ్యాలి. వానాకాలం మన వైపు నీళ్ళ సంగతి తెలిసిందే.

కాశీనగర్ కుర్రాడు
నా ప్రశ్న వేరే, ఇక్కడే అడగొచ్చా? పోలీసు ఉద్యోగం పరీక్షకి ప్రిపేర్ అవుతున్నాను. పరీక్ష రోజు నాలుగుసార్లు బాత్రూంకి, ఇంటర్వ్యూ లాంటిది ఏదున్నా అంతే. ఎండోస్కోపీ నుంచి అన్ని టెస్టులూ చేశారు, ఏమీ లేదన్నారు, "అంతా నీ మనసులోనే" అని పంపించేశారు. నాకు నిజంగా నొప్పి వస్తుంటే మనసులో అంటే ఎలా?

జయపురం టీచరమ్మ
మా స్కూల్లో పరీక్షల వారంలో చూడు తమ్ముడూ, బాత్రూం దగ్గర వరస. నొప్పి నిజమే. టెస్టులో కనపడనంత మాత్రాన లేనట్టు కాదు.

బరంపురం పిల్ల
దాన్ని ఐబీఎస్ అంటారు, ఇప్పుడు డాక్టర్లే దాన్ని పేగూ మెదడూ మాట్లాడుకోవడంలో వచ్చే తేడా అని పిలుస్తున్నారు. రెండు వైపులా నడుస్తుంది. టెన్షన్ పేగుల్ని కదిలిస్తుంది, పేగుల బాధ మళ్ళీ టెన్షన్ పెంచుతుంది. గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించు, తగ్గించే మందులున్నాయి. బరువు తగ్గడం, రక్తం పడటం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే మాత్రం ఐబీఎస్ అనుకుని కూర్చోకు. పరీక్ష పొద్దున టీ మానెయ్యి. అంత ఖాళీ కడుపు మీద రెండు టీలు తాగుతావని నా అనుమానం.

కాశీనగర్ కుర్రాడు
మూడు 😅

మహేంద్రతనయ
ఆలస్యానికి క్షమించండి, నాన్నతో సరిపోయింది. మందుల షాపు గారు అడిగింది రాసుకుని చూశాను, మూడు రోజులు కాగితం మీద వేశాను.

పొద్దున సిండోపా ఆరున్నరకి నీళ్ళతో, ఏడున్నరకి టిఫిన్. ఇది ఎప్పట్నుంచో అంతే. మధ్యాహ్నంది ఇదివరకు పన్నెండుకి వేసుకుని ఒంటిగంటకి అన్నం తినేవారు. ఇప్పుడు ఆ బంధువు "క్యాప్సూల్ మధ్యాహ్నం ఒంటిగంటకి, గ్లాసు నిండా పాలతో" అన్నారని, రెండూ కలిపి వేసుకుంటే గుర్తుంటుందని నాన్న సిండోపాని కూడా ఒంటిగంటకి మార్చేశారు. పాలు చిన్న గ్లాసు కాదండీ, ఆయన పాత స్టీలు లోటా. దాని మీదే పప్పన్నం, పెరుగన్నం. రాత్రిది ఎనిమిదికి, తిన్న తర్వాత.

విరేచనం ఐదు రోజులకి ఒకసారి అవుతోంది. అది నాకు చెప్పరు, అమ్మకి చెప్పారు.

మందుల షాపు గుణుపూర్
దొరికింది చూడండి. నా అనుమానం ఇదే.

సిండోపాలో ఉండే అసలు మందు పేరు లెవోడోపా. అది ప్రోటీన్లో ఉండే అమైనో ఆమ్లాలకి అన్నదమ్ముల్లాంటిది. చిన్న పేగు గోడ దాటడానికీ, మళ్ళీ రక్తంలోంచి మెదడులోకి వెళ్ళడానికీ రెంటికీ ఒకటే గేటు. లోటాడు పాలు, పప్పు, పెరుగు ఒకేసారి దిగితే గేటు దగ్గర తిరునాళ్ళే. మన సిండోపా ఆ జనంలో నలిగి బయటే ఉండిపోతుంది. అందుకే అన్నానికి అరగంట నుంచి గంట ముందు నీళ్ళతో వెయ్యమంటారు. దీనికి తోడు మలబద్ధకం ఉన్న పార్కిన్సన్ మనిషికి పొట్ట కూడా నెమ్మదిగా ఖాళీ అవుతుంది, మాత్ర పొట్టలోనే కూర్చుంటుంది, దిగాల్సిన చోటుకి దిగదు. మధ్యాహ్నం బిగుసుకుపోవడం, గుమ్మం దగ్గర ఆగిపోవడం ఇందుకే కావచ్చు. నేను డాక్టర్ని కాను, ఈ కాగితం యథాతథంగా వైజాగ్ డాక్టర్‌కి పంపండి. ఇవాళే.

బరంపురం పిల్ల
అన్నా, ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 2019లో హార్వర్డ్‌లో ఎమిలీ బాల్స్కస్ బృందం కనిపెట్టింది, మన పేగుల్లో ఉండే ఎంటరోకోకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా లెవోడోపాని తనే డోపమైన్‌గా (మెదడులో కదలికల్ని నడిపే రసాయనం) మార్చేస్తుంది, ఆ పని మెదడులో జరగాలి. పేగులోనే మారిపోయిన డోపమైన్ మెదడులోకి వెళ్ళలేదు, మందు దారిలోనే ఖర్చయిపోయినట్టు. సిండోపాలో కలిపే కార్బిడోపా, లెవోడోపాని ఇలా మార్చే మన ఒంటి ఎంజైముని ఆపుతుంది గానీ ఈ బ్యాక్టీరియా ఎంజైముని ఆపలేకపోయింది. అంటే పార్కిన్సన్‌లో పేగుల బ్యాక్టీరియాకి పాత్ర ఉంది, కానీ ఆ బంధువు గారు చెప్పిన పాత్ర కాదు.

మహేంద్రతనయ
మరి నాన్న అంటున్నట్టు జబ్బు పొట్టలోనే మొదలవడం? ఆయన అడిగి చెప్పమన్నారు. పక్కనే కూర్చున్నారు.

బరంపురం పిల్ల
మామయ్యగారికి నమస్కారం. మీరన్నది తీసిపారేసే మాట కాదు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాసినప్పుడే మలబద్ధకం సంగతి కూడా రాశాడు. 2003లో జర్మనీలో హైకో బ్రాక్ అనే ఆయన, జబ్బులో గడ్డకట్టే ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ పేగుల నరాల్లో మొదలై వేగస్ నరం పట్టుకుని పైకి పాకుతుందేమో అన్నాడు. డెన్మార్క్‌లో ఒకప్పుడు అల్సర్‌కి వేగస్ నరం పూర్తిగా కోసేయించుకున్నవాళ్ళ రికార్డులు చూస్తే వాళ్ళకి తర్వాత్తర్వాత పార్కిన్సన్ కాస్త తక్కువ వచ్చింది, అది 2015 నాటి మాట. అందరికీ పొట్టలోనే మొదలవుతుందని కాదు, కొందరికి మెదడులోనే మొదలవుతుందని కూడా అంటున్నారు. మలబద్ధకం ఉన్న ప్రతివాళ్ళకీ ఈ జబ్బు రాదు, ఇది చదివి ఎవరూ కంగారుపడొద్దు.

కానీ మామయ్యగారూ, నిప్పు వంటింట్లో పుట్టినా ఇప్పుడు కాలుతున్నది పైకప్పు. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చాలా పోయాయి, పొట్టలో బ్యాక్టీరియా నింపితే అవి తిరిగి రావు.

వంశధార బాబాయ్
మా వైపు కంపవాతానికి దూలగొండి గింజలు ఇచ్చేవారు. అదైనా పనికొస్తాదా?

మందుల షాపు గుణుపూర్
బాబాయ్, దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. అందుకే సిండోపా వేసుకునే మనిషి దాన్ని చెప్పకుండా తినకూడదు. గింజకీ గింజకీ ఎంతుందో తెలీదు, రెండూ కలిస్తే మోతాదు ఎక్కువై ఒళ్ళు మెలికలు తిరగొచ్చు, బీపీ పడిపోవచ్చు. డాక్టర్‌కి తెలియాలి, అంతే.

నాగావళి గట్టు
అయితే ఆ క్యాప్సూల్ ఎందుకూ పనికిరాదనే కదా ఆఖరికి తేలింది?

బరంపురం పిల్ల
మీకు నచ్చని జవాబు చెప్తాను. 2016లో ఇటలీలో మలబద్ధకం ఉన్న 120 మంది పార్కిన్సన్ రోగులకి నాలుగు వారాలు బ్యాక్టీరియా, పీచు కలిపిన పులిసిన పాలు ఇస్తే విరేచనం మెరుగైంది. కాబట్టి మలబద్ధకానికి కొన్ని రకాలు పనికొస్తాయి. వణుకుకి, బిగుసుకుపోవడానికి అలాంటి గట్టి రుజువు లేదు. ఇంకా ముందుకెళ్ళి, ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాని రోగి పేగుల్లో పెట్టి కూడా చూశారు (ముక్కు మూసుకోకండి, ఇది నిజం వైద్యమే). 2024లో బెల్జియం వాళ్ళకి కదలికల్లో కాస్త మెరుగు కనపడింది, అదే ఏడాది ఫిన్లాండ్ వాళ్ళకి కనపడలేదు. శాస్త్రం ఇంకా అక్కడే ఉంది. ఆ డబ్బా మీద ఏ రకం బ్యాక్టీరియా, ఎన్ని కోట్లు అని రాసి ఉందా అక్కా?

మహేంద్రతనయ
"21 దివ్య జీవాణువులు" అని ఉంది. ఇంకేమీ లేదు.

నాగావళి గట్టు
😂😂 దివ్య.

జయపురం టీచరమ్మ
నవ్వకండి, పాపం ఆవిడ కష్టంలో ఉంది. అమ్మాయ్, ఇంకొకటి. నాన్నగారికి షుగర్ ఉందా? మా అత్తగారికి మతిమరుపు, అరికాళ్ళు తిమ్మిర్లు వస్తే ముసలితనం అనుకున్నాం, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడటం వల్ల బి12 విటమిన్ అడుగంటిందని ఒక్క రక్తపరీక్షతో తేలింది. పొట్ట బాగుంటే మెదడు బాగుంటుందనే మాటకి మనలాంటివాళ్ళకి పనికొచ్చే అర్థం ఇలాంటివే అని నాకనిపిస్తుంది.

మహేంద్రతనయ
షుగర్ లేదండీ, కానీ గ్యాస్ మాత్ర నాలుగేళ్ళుగా రోజూ వేసుకుంటారు.

మందుల షాపు గుణుపూర్
అది కూడా కాగితం మీద రాయండి. ఏళ్ళ తరబడి వాడితే దాంతో కూడా బి12 తగ్గొచ్చు.

మహేంద్రతనయ
రెండు వారాల తర్వాత రాస్తున్నాను.

కాగితం ఫొటో తీసి డాక్టర్‌గారి అసిస్టెంట్‌కి పంపాను, మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. కోపగించుకోలేదు, "పాలతో ఎవరు వెయ్యమన్నారు" అని ఒక్కటే అడిగారు. మధ్యాహ్నం మాత్ర మళ్ళీ పన్నెండుకి నీళ్ళతో, రాత్రిది ఏడుకి, ఎనిమిదికి భోజనం. పప్పు, గుడ్డు, పెరుగు మానొద్దు, బరువు తగ్గిపోతారు, ఎక్కువ భాగం రాత్రికి జరపండి అన్నారు. విరేచనానికి పొడి ఒకటి రాశారు, నీళ్ళు రోజుకి ఎనిమిది గ్లాసులు, పొద్దున ఇరవై నిమిషాల నడక. బి12 తక్కువే ఉంది, ఇంజెక్షన్లు మొదలయ్యాయి. క్యాప్సూల్ గురించి అడిగితే, రెండు నెలలు ఆపి చూద్దాం, ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు కదా అన్నారు. ఈ మాట నాకు నచ్చింది.

ఇప్పుడు మధ్యాహ్నం బిగుసుకోవడం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, నిన్న సాయంత్రం కూడా గేటు దగ్గర ఒకసారి ఆగిపోయారు. గుమ్మం ముందు నేల మీద రంగు టేపు అడ్డంగా అతికించాం, ఫిజియో చెప్పింది, దాన్ని దాటాలి అనుకుంటే కాలు లేస్తోంది. విరేచనం రెండు రోజులకి ఒకసారి. ఆయనే క్యాలెండర్ మీద టిక్కు పెడుతున్నారు, మిల్లులో బస్తాలు లెక్కరాసినట్టు.

జబ్బు పొట్టలోనే పుట్టిందనే మాట మాత్రం వదల్లేదు. బరంపురం అమ్మాయి కూడా ఒప్పుకుంది అంటున్నారు అందరితో.

బంధువు గారు ఫోన్ చేశారు. సీలు తీసిన డబ్బా వెనక్కి తీసుకోరట. సీలు తియ్యనిది ఒకటుంది, ఆదివారం వస్తానన్నారు.

నాగావళి గట్టు
ఆ సీలు తియ్యని డబ్బా ఆయన చేతిలో పెట్టి డబ్బు తీసుకున్నాకే కాఫీ ఇవ్వండక్కా.

వంశధార బాబాయ్
అమ్మా, ఒక్కటి అడుగుతాను. పొద్దున్నే నాన్నగారికి చోడి అంబలి ఇస్తే మాత్రకి అడ్డమా?

మందుల షాపు గుణుపూర్
ఆరున్నరకి మాత్ర, ఏడున్నరకి అంబలి. టిఫిన్‌కి ఉన్న లెక్కే అంబలికీను. మజ్జిగ మాత్రం కలపకండి, అది రాత్రికి ఉంచండి.